తక్కువ ఖర్చులో అక్వేరియంకు సీవోటూ సామగ్రి: ఎక్కడ పొదుపు చేయవచ్చు, ఎక్కడ చేయకూడదు?

నీటిమొక్క
నా దగ్గర 90 లీటర్ల తొట్టె ఉంది. మొక్కలు పెట్టి ఏడాది దాటింది. రోటాలా, లుడ్విజియా రెండూ పైచివర మాత్రమే పెరుగుతున్నాయి. కింది కణుపుల దగ్గర ఆకులు గాజులా పలచబడి, వేలు తగిలితే చాలు రాలిపోతున్నాయి. అనూబియాస్ ఆకుల అంచుల వెంట నల్లటి కుచ్చులాంటి నాచు పడుతోంది. లైటు మార్చాను, ఎరువు మార్చాను, ఫలితం లేదు. సీవోటూ (కార్బన్ డయాక్సైడ్ గ్యాస్) ఇస్తే తప్ప ఈ మొక్కలు నిలవవని చాలామంది చెప్పారు. కానీ పూర్తి సెట్టు ధర అడిగితే, తొట్టెకు, ఫిల్టర్‌కు, లైటుకు కలిపి నేను పెట్టిన ఖర్చు కంటే ఎక్కువ చెప్పారు. అంత పెట్టే స్తోమత నాకు లేదు. ఈస్ట్ సీసా, సిట్రిక్ యాసిడ్ సీసా, సిలిండర్, ఈ మూడింటిలో ఏది ఎంచుకోవాలి? విడిభాగాలుగా కొనుక్కుంటే ఏ భాగం చవకది తీసుకున్నా నష్టం లేదు, ఏ భాగం దగ్గర చేయి బిగబట్టకూడదు? సొంత అనుభవంతో చెప్పగలిగిన వారు చెప్పవలసిందిగా కోరుతున్నాను.

నాచుపచ్చ
సామగ్రి సంగతికి ముందు ఒక్క ప్రశ్న. లైటు రోజుకు ఎన్ని గంటలు వెలుగుతోంది?

నీటిమొక్క
పది గంటలు. మొక్కలు పెరగడం లేదని రెండు నెలల కిందట ఎనిమిది నుంచి పదికి పెంచాను.

నాచుపచ్చ
ఆ నల్ల నాచు ఎందుకు వచ్చిందో సగం అక్కడే తెలిసిపోయింది. వెలుతురు ఎక్కువై, దానికి సరిపడా కర్బనం అందకపోతే మొక్క ఆగిపోతుంది, నాచు ఆ సందు దొరికించుకుంటుంది. రేపటి నుంచే ఆరు గంటలకు తగ్గించండి. దానికి పైసా ఖర్చు లేదు.

రాతిగూడు
నా సలహా మిగతా వారికి నచ్చకపోవచ్చు, అయినా చెబుతాను. సీవోటూ అసలు కొనకండి. అనూబియాస్, జావా ఫెర్న్, క్రిప్టోకోరైన్, నాచుమొక్కలు (మాస్ జాతివి) పెట్టుకుని, వెలుతురు తగ్గించి, వారానికోసారి నీళ్లు మార్చుకుంటే తొట్టె ఏళ్ల తరబడి పచ్చగా ఉంటుంది. నా తొట్టెలో ఏడేళ్లుగా గ్యాస్ బుడగ ఒక్కటి కూడా లేదు. ఖర్చు తగ్గించడమే లక్ష్యమైతే ఇంతకంటే తగ్గేది మరొకటి లేదు.

నీటిమొక్క
రాతిగూడు గారూ, మీ మాట నాకు అర్థమైంది, లైటు ఈ రోజే తగ్గించాను. అయితే నేను ఈ తొట్టె మొదలుపెట్టిందే ఎర్ర లుడ్విజియాను గుబురుగా పెంచాలని. కొన్నాళ్లు డబ్బు కూడబెట్టి అయినా సరే, ఆ ఒక్క కోరిక తీర్చుకోవాలని ఉంది.

పులిసినసీసా
ఈస్ట్ సీసాతో రెండేళ్లు నడిపిన అనుభవంతో రాస్తున్నాను. రెండు లీటర్ల సీసాలో పంచదార, గోరువెచ్చని నీళ్లు, చిటికెడు ఈస్ట్ వేసి, మూతకు గొట్టం బిగించి తొట్టెలోకి వదిలేవాణ్ణి. మొదటి రెండు రోజులు బుడగలు పొంగుకొచ్చేవి. వారం గడిచాక నెమ్మదించేవి. మూడో వారానికి దాదాపు ఆగిపోయేవి. మళ్లీ కొత్త సీసా కలపాలి. గది వెచ్చగా ఉంటే వేగం, చల్లబడితే మందగింపు. ఈ ఎగుడుదిగుళ్లే నల్ల నాచుకు ఎంతో ఇష్టమని తర్వాత తెలిసింది.

అంతకంటే పెద్ద చిక్కు ఏమిటంటే దాన్ని ఆపలేము. రాత్రి లైటు ఆరిపోయినా సీసా పని చేస్తూనే ఉంటుంది. కొత్త సీసా బిగించిన ఒక రాత్రి తెల్లవారుజామున లేచి చూస్తే నా టెట్రాలన్నీ నీటి పైపొరకు మూతులు ఆనించి, దవడలు గబగబా ఆడిస్తూ, ఒకదాని పక్కన ఒకటి వరసగా నిలబడి ఉన్నాయి. గొట్టం పీకేసి, గాలి పంపుతో బుడగలు వదిలే గాలిరాయి పెట్టి, మూడో వంతు నీళ్లు మార్చాను. రెండు చేపలు దక్కలేదు. చవకగా వచ్చిందని చెప్పుకునే ఆ సీసాకు ఆ రోజుతో స్వస్తి చెప్పాను.

గుప్పీలగుంపు
పులిసినసీసా గారూ, సీసాలోని తెల్లటి జిగురు ఎప్పుడైనా తొట్టెలోకి వచ్చిందా? నాకు ఒకసారి వచ్చి నీళ్లంతా పాలవిరుగుడులా మారాయి.

పులిసినసీసా
వచ్చింది. అందుకే మధ్యలో సగం నీళ్లున్న చిన్న సీసా ఒకటి పెట్టాలి. గ్యాస్ ఆ నీళ్లలో కడిగి ముందుకు పోతుంది, జిగురు అక్కడే ఆగుతుంది. ఈస్ట్ వాడదలచిన వారెవరూ ఆ చిన్న సీసాను మానవద్దు.

మోలుతూకం
లెక్క ఒకసారి చూద్దాం, ఎందుకంటే ఏది చవక అన్నది లెక్కలోనే తేలుతుంది.

90 లీటర్ల నీటిలో లీటరుకు 30 మిల్లీగ్రాముల సీవోటూ కరిగి ఉండాలంటే మొత్తం 2.7 గ్రాములు చాలు. అంటే తొట్టెను ఒకసారి నింపడానికి కావలసిన గ్యాస్ చాలా తక్కువ. మనం ఇచ్చేదాంట్లో ఎక్కువ భాగం నీటి పైపొర నుంచి గాలిలోకి పోతుంది, అందుకే రోజూ ఇస్తూ ఉండాలి.

పంచదార 342 గ్రాములు పూర్తిగా పులిస్తే 176 గ్రాముల సీవోటూ వస్తుంది, అంటే బరువులో సుమారు సగం. నిజానికి అంత రాదు, ఎందుకంటే సీసాలో ఆల్కహాల్ పెరిగేకొద్దీ ఈస్ట్ నీరసించి పంచదార మిగిలిపోతుంది.

సిట్రిక్ యాసిడ్, అంటే నిమ్మ ఉప్పు, వంట సోడాతో కలిస్తే చర్య వెంటనే జరుగుతుంది. 192 గ్రాముల సిట్రిక్ యాసిడ్‌కు 252 గ్రాముల సోడా కలిస్తే 132 గ్రాముల గ్యాస్ వస్తుంది. సాధారణంగా చెప్పే కొలత రెండూ చెరి 200 గ్రాములు, నీళ్లు 300 మిల్లీలీటర్లు. ఆ కొలతలో సోడా అంతా ఖర్చయి, సుమారు 105 గ్రాముల గ్యాస్ పుడుతుంది, సిట్రిక్ యాసిడ్ కొంత మిగులుతుంది. 25 డిగ్రీల దగ్గర, మామూలు వాతావరణ పీడనంలో ఆ గ్యాస్ దాదాపు 58 లీటర్ల చోటు ఆక్రమిస్తుంది. అంత గ్యాస్‌ను రెండు లీటర్ల పాత్రలో బంధిస్తున్నామన్న సంగతి ఎవరూ మరవకూడదు.

నాచుపచ్చ
ఆ చివరి వాక్యం రెండుసార్లు చదవవలసింది. అంత పీడనాన్ని తాగే నీళ్ల సీసా తట్టుకోలేదు. సోడా పానీయాల సీసా కొంత తట్టుకుంటుంది గానీ పాతబడి, గీతలు పడితే దాన్ని కూడా నమ్మలేము.

నిమ్మఉప్పు
నేను మూడేళ్లుగా సిట్రిక్ పద్ధతిలోనే ఉన్నాను, కాబట్టి మంచిచెడ్డలు రెండూ చెబుతాను. మొదట రెండు ప్లాస్టిక్ సీసాల కిట్ కొన్నాను. ఒక సీసాలో ఆమ్లం, మరొక దానిలో సోడా. ఆమ్లం కొద్దికొద్దిగా సోడా సీసాలోకి పీల్చుకుని గ్యాస్ తయారవుతుంది. మూత దగ్గర చిన్న కారుడు ఉన్నా ఈ పీల్చుకోవడం ఆగిపోతుంది. నా కిట్‌లో నెలకోసారి ఆ మూతలతో కుస్తీ పట్టవలసి వచ్చేది.

తర్వాత రెండు లీటర్ల స్టీలు పాత్రకు మారాను. దానిపై పీడన మీటరు, పీడనం హద్దు దాటితే తనంతట తాను తెరుచుకునే సేఫ్టీ వాల్వ్, గ్యాస్‌ను సన్నగా సర్దుకునే నీడిల్ వాల్వ్, కరెంటుతో తెరుచుకునే సోలనాయిడ్ వాల్వ్ అన్నీ ఒకే తలపై వస్తాయి. సోడా, నీళ్లు ముందు పోసి, సిట్రిక్ యాసిడ్‌ను చివర్లో వేసి వెంటనే తల బిగించాలి. ఒకసారి తొందరలో పాత్రను అటూ ఇటూ గట్టిగా ఊపాను. ఉప్పు ద్రావణం నురగతో పైకి లేచి నీడిల్ వాల్వ్‌లోకి పోయింది, ఎండిపోయి తెల్లగా గడ్డకట్టింది, దాన్ని వేడి నీళ్లలో నానబెట్టి తెరవడానికి ఒక పూట పట్టింది. 60 లీటర్ల తొట్టెకు ఒక్కసారి నింపితే మూడు నుంచి నాలుగు వారాలు వస్తోంది. సిలిండర్ నింపేవారు దగ్గరలో లేని వారికి, చిన్న తొట్టె ఉన్నవారికి ఇది నిజంగా మంచి దారి. సేఫ్టీ వాల్వ్ లేని పాత్ర మాత్రం ఎంత తక్కువకు వచ్చినా తీసుకోవద్దు.

బరువుచూసేవాడు
90 లీటర్ల తొట్టె, ఏళ్ల తరబడి నడపాలన్న ఆలోచన ఉన్నప్పుడు సిలిండరే చివరికి చవక పడుతుందని నా అభిప్రాయం. మొదటి ఖర్చు ఒకసారే, ఆ తర్వాత గ్యాస్ ఖర్చు చాలా తక్కువ. సిలిండర్ నింపేవారు తీసుకునే డబ్బులో గ్యాస్ విలువ కంటే పనికి పెట్టే కూలే ఎక్కువ ఉంటుంది, కాబట్టి చోటు ఉన్నంతలో పెద్ద సిలిండర్ తీసుకోవడం మేలు. అర కిలో సిలిండర్‌ను నాలుగుసార్లు నింపించే బదులు రెండు కిలోల దాన్ని ఒకసారి నింపిస్తే మోసుకెళ్లే శ్రమ కూడా తగ్గుతుంది.

సిలిండర్ దగ్గర పొదుపు సాధ్యమే. పాతది తీసుకోవచ్చు. అయితే భుజం మీద ముద్రించిన పీడన పరీక్ష తేదీ చూడాలి. గడువు దాటితే నింపేవారు తిప్పి పంపుతారు, మళ్లీ పరీక్ష చేయించే ఖర్చు మీ మీద పడుతుంది. వాల్వ్ మర ఏ రకమో కూడా ముందే తెలుసుకోవాలి. అమెరికాలో సీజీఏ-320 అంటారు, యూరప్‌లో చాలాచోట్ల డబ్ల్యూ 21.8 వాడతారు, సోడా యంత్రాల చిన్న సిలిండర్లకు మరో మర. సిలిండర్ పీడనాన్ని తగ్గించి ఇచ్చే రెగ్యులేటర్ ముందు కొని, తర్వాత సిలిండర్ వెతుక్కుని, రెండూ కలవక ఇబ్బంది పడినవారిని చాలామందిని చూశాను. మీకు దగ్గరలో ఏ సిలిండర్ నింపుతారో అడిగి, దానికి సరిపోయే రెగ్యులేటర్ కొనండి.

ఇంకొకటి. సిలిండర్‌లో సీవోటూ ద్రవరూపంలో ఉంటుంది. 20 డిగ్రీల దగ్గర దాని పీడనం సుమారు 57 బార్, 25 డిగ్రీల దగ్గర 64 బార్. లోపల ద్రవం చుక్క మిగిలి ఉన్నంతవరకు ఆ పీడనం అలాగే నిలిచి ఉంటుంది. అందువల్ల సిలిండర్ పీడనం చూపే పెద్ద మీటరు చూసి ఎంత గ్యాస్ మిగిలిందో చెప్పలేము. ముల్లు పడటం మొదలైందంటే ద్రవం అయిపోయిందని, మిగిలింది కొద్ది రోజుల గ్యాసేనని అర్థం. ఎంత మిగిలిందో తెలియాలంటే తూకం వేయడం ఒక్కటే మార్గం. సిలిండర్‌ను ఎప్పుడూ నిలబెట్టే వాడాలి, పడకుండా గోడకో బల్లకాలికో పట్టీ కట్టాలి. పడుకోబెడితే ద్రవం రెగ్యులేటర్‌లోకి దిగి దాన్ని పాడు చేస్తుంది.

గుప్పీలగుంపు
ఎండాకాలంలో నా మీటరు ముల్లు బాగా పైకి వెళ్లింది. గ్యాస్ పెరగదు కదా, మరి ఏమైనట్టు?

మోలుతూకం
సీవోటూ 31 డిగ్రీలు దాటితే ద్రవంగా నిలవదు. ఆ పైన వేడి పెరిగేకొద్దీ పీడనం వేగంగా పెరుగుతుంది. అందుకే నింపేవారు సిలిండర్‌ను మెడ దాకా నింపరు, ఖాళీ వదులుతారు. ఎక్కువ గ్యాస్ పట్టించమని ఎవరినీ ఒత్తిడి చేయకండి, సిలిండర్‌ను ఎండ తగిలే చోట పెట్టకండి.

రెండంచెలు
రెగ్యులేటర్ విషయంలో నా మాట ఒక్కటే. పీడనాన్ని రెండు దఫాలుగా తగ్గించే రెండంచెల రెగ్యులేటర్ కొనండి. ఒక్క అంచె రెగ్యులేటర్‌లో సిలిండర్ అయిపోవచ్చే సమయానికి లోపలి పీడనం పడిపోతుంటే బయటికిచ్చే పీడనం పెరుగుతుంది. బుడగలు ఒక్కసారిగా ఎక్కువై, చేపలు రాత్రికి రాత్రి పోతాయి. చవక కోసం వెళ్లి తొట్టెను పోగొట్టుకోవద్దు.

బుడగలలెక్క
రెండంచెలు గారితో ఇక్కడ ఏకీభవించలేను. మీరు చెప్పిన కారణం నిజమే, కానీ మోతాదు అంత భయంకరమైనది కాదు. ఒక్క అంచె రెగ్యులేటర్‌తో నేను ఇప్పటికి నాలుగు సిలిండర్లు పూర్తిగా ఖాళీ చేశాను. పీడనం కొంచెం పెరిగింది, బుడగలు కొంచెం పెరిగాయి, అంతే. మంచి నీడిల్ వాల్వ్ ఉంటే ఆ పెరుగుదల చేపలను చంపేంతగా ఉండదు. బరువుచూసేవాడు గారు చెప్పినట్టు తూకం వేస్తూ, ముల్లు పడటం మొదలుపెట్టగానే సిలిండర్ మార్చేస్తే ఆ సమస్యే రాదు.

నా ఉద్దేశంలో డబ్బు పెట్టవలసింది నీడిల్ వాల్వ్ మీద. నాసిరకం నీడిల్ వాల్వ్‌ను వెంట్రుకవాసి తిప్పితే బుడగలు ఆగిపోతాయి, మరో వెంట్రుకవాసి తిప్పితే ధారగా వస్తాయి. సాయంత్రం సెకనుకు ఒకటి పెట్టి పడుకుంటే మర్నాటికి మూడు అవుతుంది. తొట్టెలో చేపలున్నప్పుడు దీన్ని భరించలేము. రెండంచెల రెగ్యులేటర్‌కు పెట్టే అదనపు సొమ్ములో సగం పెట్టినా మంచి వాల్వ్ విడిగా వస్తుంది.

రెండంచెలు
వాల్వ్ గురించి మీరు చెప్పింది ఒప్పుకుంటాను. అయితే అందరూ ముల్లు గమనించరు. నేను ఒకసారి పది రోజులు ఊళ్లో లేనప్పుడే సిలిండర్ చివరికొచ్చింది. అప్పుడు పోయినవి నాలుగేళ్లు పెంచిన చేపలు. ఆ బాధతో రాశాను.

బుడగలలెక్క
అది విన్నాక మీ పట్టుదల అర్థమైంది. ఊరు వెళ్లే ముందు తూకం చూసి, తక్కువగా ఉంటే సిలిండర్ వాల్వ్ మూసేసి, లైటు గంటలు కూడా తగ్గించి వెళ్లడం మేలు. పది రోజులు గ్యాస్ లేకపోతే మొక్కలు కాస్త వాడతాయి గానీ చేపలు బతుకుతాయి.

నీటిమొక్క
పాత మంటలార్పే సిలిండర్ ఒకటి చవకగా దొరుకుతోంది. అందులోనూ సీవోటూయే కదా, పనికొస్తుందా?

బరువుచూసేవాడు
గ్యాస్ అదే, కానీ ఉన్నది ఉన్నట్టుగా వాడకూడదు. దాని లోపల అడుగు దాకా దిగే గొట్టం ఒకటి ఉంటుంది. మంటల మీద ద్రవాన్ని వేగంగా చిమ్మడానికి పెట్టింది అది. రెగ్యులేటర్ బిగిస్తే ఆ గొట్టం గుండా ద్రవమే నేరుగా ఎక్కుతుంది. గ్యాస్ సంస్థలో సిలిండర్‌ను ఖాళీ చేయించి, ఆ గొట్టం తీయించి, మామూలు వాల్వ్ బిగించి, పరీక్ష చేయించి ఇస్తేనే తీసుకోండి. ఆ పనులన్నీ ఇంట్లో చేసే ప్రయత్నం పొరపాటున కూడా చేయవద్దు. అవన్నీ లెక్కేస్తే చవక మిగలకపోవచ్చు.

రాతిగూడు
సోలనాయిడ్ లేకుండా నడిపేవారు ఉన్నారా? అది తీసేస్తే కొంత ఖర్చు తగ్గుతుంది.

బుడగలలెక్క
ఉన్నారు. తక్కువ మోతాదులో ఇరవై నాలుగు గంటలూ వదిలి, నీటి పైపొర బాగా కదిలేలా చూసుకుంటారు. అయినా నేను సిఫారసు చేయను. రాత్రి మొక్కలు కూడా ఆక్సిజన్ పీల్చుకుని సీవోటూ వదులుతాయి. సోలనాయిడ్ ఉంటే ఒక మామూలు టైమర్‌తో లైటు వెలగడానికి గంటా రెండు గంటల ముందు గ్యాస్ మొదలై, లైటు ఆరడానికి గంట ముందు ఆగిపోతుంది. సగానికి పైగా గ్యాస్ కూడా ఆదా అవుతుంది. కరెంటు పోతే దానంతట అదే మూసుకుంటుంది. పట్టుకుంటే వెచ్చగా ఉంటుంది, అది చెడిపోయిందని కంగారుపడవలసిన పని లేదు.

గాజుచక్రం
ఇక పొదుపు చేయదగిన చోట్ల గురించి ఎవరూ రాయలేదు, నేను రాస్తాను. గ్యాస్‌ను సన్నటి బుడగలుగా నీటిలోకి వదిలే డిఫ్యూజర్ దగ్గర ఖరీదైన గాజు వస్తువు అక్కరలేదు. చవక పింగాణీ చక్రం ఉన్న డిఫ్యూజర్ కూడా సన్నటి పొగలాంటి బుడగలే ఇస్తుంది. కొన్ని నెలలకు చక్రం మీద పచ్చగా నాచు పడితే బుడగలు పెద్దవవుతాయి. అప్పుడు పలచటి బ్లీచ్‌లో కాసేపు నానబెట్టి, బాగా కడిగి, క్లోరిన్ విరిచే మందు కలిపిన నీళ్లలో ఉంచి తిరిగి పెట్టాలి. డిఫ్యూజర్‌ను ఫిల్టర్ నీరు వచ్చే ధార కింద, వీలైనంత లోతులో పెట్టండి. బుడగ పైకి చేరేలోపు ఎంతసేపు నీటిలో తిరిగితే అంత కరుగుతుంది.

గొట్టం విషయంలో ఒక జాగ్రత్త. గాలి పంపులకు వాడే మెత్తటి సిలికాన్ గొట్టం గోడల గుండా సీవోటూ కొంత బయటికి జారిపోతుంది. పాలియురేథేన్ గొట్టం గట్టిగా ఉంటుంది, అదే వాడండి. ధరలో తేడా పెద్దగా ఉండదు. చెక్ వాల్వ్ తప్పనిసరి. అది లేకపోతే గ్యాస్ ఆగిన రాత్రి తొట్టె నీళ్లు గొట్టం గుండా వెనక్కి పాకి సోలనాయిడ్‌లో చేరతాయి. గాలి పంపులకు వచ్చే రబ్బరు చెక్ వాల్వ్ కొన్నాళ్లకే గట్టిపడి కారుతుంది, కాస్త మెరుగైనది తీసుకోండి.

నిమ్మఉప్పు
గాజుచక్రం గారు చెప్పినదానికి ఒక చేర్పు. సన్నటి పింగాణీ చక్రం నుంచి గ్యాస్ రావాలంటే కొంత పీడనం కావాలి. మా స్టీలు పాత్రలకు అది చాలు, ఈస్ట్ సీసాకు చాలదు. ఈస్ట్ వాడేవారు మెట్ల డిఫ్యూజర్‌తోనో, తలకిందులుగా బోర్లించిన చిన్న గంటతోనో సరిపెట్టుకోవాలి.

తడివేళ్లు
నా మొదటి రెండు కిలోల సిలిండర్ తొమ్మిది రోజుల్లో ఖాళీ అయింది. నింపినవాళ్లు మోసం చేశారనుకున్నాను. రెండోసారి బిగించాక గిన్నెలో సబ్బు నీళ్లు కలిపి, చిన్న కుంచెతో ప్రతి అతుకు మీదా పూశాను. రెగ్యులేటర్ సిలిండర్‌కు కలిసే నట్టు కింద ఆవగింజంత నురగ గూడు ఒకటి నెమ్మదిగా ఉబ్బుతూ, పగిలి, మళ్లీ ఉబ్బుతూ కనిపించింది. విప్పి చూస్తే మధ్యలో ఉండవలసిన నైలాన్ వాషర్ ఒక పక్క నొక్కుకుపోయి, అంచు చీలి ఉంది. నేను పాత వాషర్‌నే మళ్లీ బిగించాను. కొత్తది పెట్టాక గూడు రాలేదు. సిలిండర్ నింపించిన ప్రతిసారీ కొత్త వాషర్ వేయండి, సబ్బు నీళ్లు పూయండి.

నీటిమొక్క
ఇంత వివరంగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. మరి నా తొట్టెకు సెకనుకు ఎన్ని బుడగలు ఇవ్వాలి?

బుడగలలెక్క
నా పేరే బుడగలలెక్క అయినా చెబుతున్నాను, ఎవరి బుడగల లెక్కా మరొకరికి పనికిరాదు. ఒక్కొక్క బబుల్ కౌంటర్‌లో బుడగ పరిమాణం ఒక్కో రకం. మీ తొట్టెలో మీరు నిన్న పెట్టిందానికి, ఈ రోజు పెట్టిందానికి పోలిక చూసుకోవడానికి మాత్రమే అది పనికొస్తుంది. కొలవవలసింది నీటిలో కరిగిన గ్యాస్‌ను.

మోలుతూకం
దానికి రెండు దారులు ఉన్నాయి, రెండూ ఖర్చు తక్కువవే.

మొదటిది డ్రాప్ చెకర్, అంటే తొట్టెలో పెట్టి రంగును బట్టి సీవోటూ ఎంతుందో చూసే చిన్న పాత్ర. అందులో తొట్టె నీళ్లు పోయకూడదు. సరిగ్గా 4 డిగ్రీల కేహెచ్ (కార్బొనేట్ కాఠిన్యం) ఉన్న ద్రావణం పోసి, రంగు మారే బ్రోమోథైమాల్ బ్లూ చుక్కలు వేయాలి. నీలం అంటే గ్యాస్ తక్కువ, ఆకుపచ్చ అంటే సుమారు 30 పీపీఎం (లీటరుకు మిల్లీగ్రాములు), పసుపు అంటే ఎక్కువ. అది రంగు మారడానికి గంట నుంచి రెండు మూడు గంటలు పడుతుంది కాబట్టి, చెకర్ ఆకుపచ్చగా ఉందని ధీమాగా కూర్చోకూడదు. అది చూపేది కొంతసేపటి కిందటి సంగతి.

రెండవది పీహెచ్ (నీటి ఆమ్లత్వాన్ని చూపే అంకె) తేడా. ఒక గ్లాసులో తొట్టె నీళ్లు తీసి ఒక రోజంతా తెరిచి ఉంచి, పీహెచ్ చూడండి. తర్వాత గ్యాస్ పూర్తిగా నడిచే మధ్యాహ్నం తొట్టెలో పీహెచ్ చూడండి. ఒక పూర్తి అంకె తగ్గితే సీవోటూ పది రెట్లు అయినట్టు. చాలా తొట్టెలకు ఆ తగ్గుదల సరిపోతుంది. కేహెచ్ తెలిస్తే, మూడును కేహెచ్‌తో గుణించి, పదిని 7లోంచి పీహెచ్ తీసివేయగా వచ్చిన ఘాతానికి పెంచి, ఆ రెండింటినీ గుణిస్తే పీపీఎం వస్తుంది. కేహెచ్ 4, పీహెచ్ 6.6 అయితే దాదాపు 30. నీటిలో ఇతర ఆమ్లాలు ఉంటే ఈ సూత్రం తప్పు చూపుతుంది, అందుకే దీన్ని ఒంటరిగా నమ్మను.

పులిసినసీసా
ఏ పరికరం ఉన్నా మొదటి వారం సెలవు రోజున మొదలుపెట్టండి. పక్కన కూర్చుని చేపలను చూడండి. మూతులు పైకెత్తితే గ్యాస్ ఆపి, గాలిరాయి పెట్టండి. రోజుకు కొద్దిగా మాత్రమే పెంచండి.

రాతిగూడు
ద్రవ కార్బన్ అని అమ్మే సీసా సంగతేమిటి? సిలిండర్ బదులు అదే చాలని దుకాణంలో చెప్పారు.

నాచుపచ్చ
వాటిలో చాలావరకు ఉండేది గ్లూటరాల్డిహైడ్. అది ప్రధానంగా నాచును చంపే మందు. సీవోటూకు అది సాటి రాదు. వల్లిస్నేరియా, కొన్ని నాచుమొక్కలు దానికి తట్టుకోలేవు. చేతి తొడుగులు లేకుండా ముట్టుకోవద్దు.

తడివేళ్లు
గది సంగతి కూడా రాయాలి. సీవోటూ గాలి కంటే ఒకటిన్నర రెట్లు బరువు, కిందికి చేరుతుంది. గాలి ఆడని చిన్న పడకగదిలో పెద్ద సిలిండర్ పెట్టకండి. నా సిలిండర్ తొమ్మిది రోజులు కారినప్పుడు అది కిటికీలున్న హాల్లో ఉంది కాబట్టి సరిపోయింది.

నీటిమొక్క
నా నిర్ణయం రాస్తున్నాను. పరీక్ష గడువు మిగిలి ఉన్న పాత రెండు కిలోల సిలిండర్, ఒక్క అంచె రెగ్యులేటర్ సోలనాయిడ్‌తో సహా, విడిగా మంచి నీడిల్ వాల్వ్, చవక పింగాణీ డిఫ్యూజర్, పాలియురేథేన్ గొట్టం, చెక్ వాల్వ్, డ్రాప్ చెకర్. ఊరు వెళ్లేటప్పుడు వాల్వ్ మూసి వెళతానని రెండంచెలు గారికి మాట ఇస్తున్నాను. మొత్తం ఖర్చు దుకాణంలో చెప్పిన సెట్టులో సగం కంటే తక్కువే అవుతోంది.

రెండంచెలు
ఆ మాట చాలు. వేలాడదీసే తూకం ఒకటి కూడా కొనండి, ముల్లును నమ్మవద్దు.

నీటిమొక్క
ఆరు వారాల తర్వాత రాస్తున్నాను. మొదటి రోజు సబ్బు నీళ్లు పూస్తే నీడిల్ వాల్వ్ అతుకు దగ్గర తడివేళ్లు గారు చెప్పిన నురగ గూడే కనిపించింది, టేపు చుట్టి మళ్లీ బిగించాను. డ్రాప్ చెకర్‌లో ఆకుపచ్చ రంగు రావడానికి తొమ్మిది రోజులు పట్టింది, ఎందుకంటే రోజుకు కొద్దిగానే పెంచాను. చేపలు ఒక్కసారి కూడా పైకి రాలేదు. లైటు ఇప్పుడు ఏడు గంటలు. లుడ్విజియా కింది కణుపుల దగ్గర పక్క కొమ్మలు వేసింది, మధ్యాహ్నం రెండు దాటాక ఆకుల వెనుక సన్నటి ఆక్సిజన్ ముత్యాలు అంటుకుని ఒక్కొక్కటే జారి పైకి పోతున్నాయి. నల్ల నాచు పాత ఆకుల మీద ఇంకా ఉంది, కొత్త ఆకుల మీద లేదు. సిలిండర్ బరువు 190 గ్రాములు తగ్గింది, మీటరు ముల్లు మాత్రం ఉన్నచోటనే ఉంది.

బరువుచూసేవాడు
అంటే రోజుకు నాలుగున్నర గ్రాములు. ఈ లెక్కన సిలిండర్ ఏడాది దాటి వస్తుంది. పాత ఆకులను కత్తిరించేయండి, వాటి మీది నాచు ఇక పోదు.

నీటిమొక్క
ఈ సాయంత్రమే కత్తిరిస్తాను. పైచివరలు పారేయకుండా అడుగుమట్టిలో గుచ్చవచ్చా?

నాచుపచ్చ
గుచ్చవచ్చు. నాలుగు వేళ్ల పొడవు ఉంచి, కింది రెండు కణుపుల ఆకులు తీసేసి, పట్టకారుతో ఏటవాలుగా నాటండి.